రెండు గెలుపుల జట్టు

పిల్లలూ! ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే గుండ్రని బంతి గుర్తొస్తుంది. అమెరికాలో ఆ పేరుతో ఆడే ఆట వేరు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. అవతలి జట్టు చివరి గీత దాటిస్తే ‘టచ్‌డౌన్’. దానికి 6 పాయింట్లు. అక్కడ కాలేజీ జట్టంటే ఊరందరికీ సొంత జట్టే.

వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఒహాయో నది ఒడ్డున హంటింగ్టన్ అనే ఊరుంది. అక్కడిదే మార్షల్ విశ్వవిద్యాలయం. 1970 నవంబరు 14న ఆ జట్టు నార్త్ కరోలినాలో 17–14తో ఓడి, విమానంలో తిరిగి వస్తోంది. ఇంకాసేపట్లో దిగాల్సిన విమానం కొండవాలున కూలిపోయింది. 75 మందీ చనిపోయారు. వారిలో 37 మంది ఆటగాళ్ళు. శిక్షకులు, ఊరి డాక్టర్లు, అభిమానులు కూడా ఉన్నారు. కొందరు పిల్లలు ఆ ఒక్క రాత్రే అమ్మనీ నాన్ననీ పోగొట్టుకున్నారు.

ఇక జట్టు వద్దని కొందరన్నారు. కావాలన్నవారి మాటే నెగ్గింది. 1971లో జాక్ లెంగెల్ కొత్త శిక్షకుడిగా వచ్చాడు. గాయాల వల్లో, మరో కారణం వల్లో ఆ ప్రయాణానికి వెళ్ళని కొద్దిమందే పాత ఆటగాళ్ళు మిగిలారు. అప్పటి నియమాల ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదు. మార్షల్‌కు మాత్రం ప్రత్యేక అనుమతి దొరికింది. అదే రాష్ట్రంలోని మరో విశ్వవిద్యాలయ శిక్షకుడు బాబీ బౌడెన్ తన జట్టు ఆడే పద్ధతిని దాచుకోకుండా వీరికి చూపించాడు.

మొదటి ఆటలో 29–6తో ఓడారు. సెప్టెంబరు 25న సొంత మైదానంలో జేవియర్ జట్టుతో ఆట. చివరి క్షణాల్లో 9–13తో వెనకబడి ఉన్నారు. మిగిలింది ఒక్క ప్రయత్నమే. రెజీ ఆలివర్ విసిరిన బంతిని టెర్రీ గార్డ్‌నర్ అందుకుని గీత దాటాడు. 15–13! ఆట అయిపోయినా జనం చాలాసేపు మైదానం వదలలేదు.

ఆ ఏడాది ఇంకొక్కసారే గెలిచారు. మొత్తం రెండు గెలుపులు, ఎనిమిది ఓటములు. అయినా ఆ ఊరు తలుచుకునేది ఆ జట్టునే. ఆ పునాది మీదే 1992లో, 1996లో మార్షల్ తన విభాగంలో జాతీయ విజేత అయింది. విశ్వవిద్యాలయ ఆవరణలో స్మారకంగా ఒక ఫౌంటెన్ ఉంది. ఏటా నవంబరు 14న దాని నీళ్ళు ఆపేస్తారు, వసంతంలో మళ్ళీ వదులుతారు.

ఆ దుఃఖాన్ని మన బదిలీలతో పోల్చకూడదు. మన స్నేహితులు దూరంగా ఉన్నా క్షేమంగా ఉన్నారు. అయితే ఏటా మన తరగతిలోనూ కొన్ని బెంచీలు ఖాళీ అవుతాయి, కొత్త ముఖాలు వస్తాయి. పోయినేడాది కబడ్డీ కెప్టెన్ ఈ ఏడాది మరో రాష్ట్రంలో ఉంటాడు. చాలా ఊళ్ళు తిరిగిన నాకూ ప్రతి కొత్త బడిలో మొదటి వారం బెరుకే. ఆ వారంలో ఎవరో ఒకరు పలకరిస్తారు. అక్కడినుంచే జట్టు మొదలవుతుంది.

పదాలు – అర్థాలు
స్మారకం: గుర్తుగా నిలిపినది
బెరుకు: జంకు, కొత్త చోట కలిగే భయం

ఆలోచించి రాయండి
1. ఎనిమిది సార్లు ఓడిన జట్టును ఆ ఊరు ఎందుకు మరచిపోలేదు?
2. మీ తరగతికి కొత్తగా వచ్చిన ఒకరితో మాట్లాడి, వారి పాత బడి గురించి ఐదు వాక్యాలు రాయండి.