చిల్లర కొట్టులో ముగింపు సరుకు - కనపడని నష్టం

బి.కాం. లెక్కల్లో "ముగింపు సరుకు రూ. 53,000లు" అని సర్దుబాట్ల కింద ఒక్క వరుసలో ఇచ్చేస్తారు. మనం దానిని వర్తకపు ఖాతాలో క్రెడిట్ వైపున, ఆస్తి అప్పుల పట్టీలో ఆస్తుల వైపున వేసి ముందుకు సాగిపోతాం. ఆ అంకె ఎక్కడ పుట్టిందని అడిగేవారు తక్కువ. కిరాణా కొట్టులో ఆ ఒక్క వరుస కోసం మార్చి 31 రాత్రి షట్టరు దించి, బస్తాలు తూచి, డబ్బాలు దింపి లెక్కపెట్టాలి. (పూర్వం దీపావళికో ఉగాదికో పుస్తకాలు మార్చుకునే వర్తకులకు ఆదాయపు పన్ను చట్టం 1989 నుంచి ఈ తేదీనే ఖాయం చేసింది.)

తూచిన తరువాత ధర కట్టాలి. కొన్న ధర, అమ్మితే నికరంగా చేతికొచ్చే ధర - ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. సబ్బు మీద అచ్చయిన ధరను వేసుకుంటే అమ్మని సబ్బు మీద ముందే లాభం తిన్నట్టు. ఇంకో సంగతి, ఈ పోలిక సరుకు వారీగా చెయ్యాలి. మిరపకాయలు కొన్నది రూ. 20,000లకు, ఇప్పుడు రూ. 24,000లు వస్తాయి. చింతపండు కొన్నది రూ. 14,000లకు, ఇప్పుడు రూ. 12,000లే వస్తాయి. మొత్తాలు పోలిస్తే రూ. 34,000లు అని తేలుతుంది. విడివిడిగా చూస్తే రూ. 32,000లు. రెండోదే సరైనది.

ఇక అసలు చిక్కు. ప్రారంభపు సరుకు, కొనుగోళ్ళు కలిపి, ముగింపు సరుకు తీసేస్తే వచ్చేదాన్ని "అమ్మిన సరుకు ఖరీదు" అంటున్నాం. ఎలుకలు తిన్నదీ, తూకంలో జారినదీ, చేతివాటంగా పోయినదీ అన్నీ అందులోనే కలిసిపోతాయి. ఖాతా చక్కగా సరిపోతుంది, నష్టం మాత్రం కనపడదు! దాన్ని బయటికి లాగాలంటే సరుకు ఎంత ఉండాలో వేరే దారిన కట్టి, తూచిన దానితో పోల్చాలి.

ఒక కొట్టును ఊహించుకుందాం. ప్రారంభపు సరుకు రూ. 80,000లు, కొనుగోళ్ళు రూ. 5,85,000లు, కిరాయి, హమాలీ రూ. 15,000లు. మొత్తం రూ. 6,80,000లు. అమ్మకాలు రూ. 7,20,000లు. యజమాని కొన్న ధర మీద నూటికి 20 వేసుకుని అమ్ముతాడు. కాబట్టి అమ్మిన సరుకు ఖరీదు రూ. 6,00,000లు. ఇంటికి తీసుకెళ్ళిన పప్పు, నూనె రూ. 18,000లు (సొంత వాడకాలు, ఇవి రాసే యజమానులు అరుదు). మిగలవలసింది రూ. 62,000లు. తూచితే రూ. 53,000లు. లోటు రూ. 9,000లు.

ఇక్కడే చాలామంది జారేది. కొన్న ధర మీద నూటికి 20 అంటే అమ్మిన ధరలో ఆరో వంతు, అయిదో వంతు కాదు. అమ్మకాల మీద 20 శాతం తీసేస్తే ఖరీదు రూ. 5,76,000లే అవుతుంది, లోటు రూ. 33,000లుగా కనపడుతుంది. అందులో రూ. 24,000లు కాగితం మీద తప్ప ఎక్కడా పోలేదు. కానీ ఆ లెక్క చూసి కొట్టులో పొట్లాలు కట్టే కుర్రవాడి జీతం ఆపేస్తే? శాతం దేని మీదో తేల్చకుండా ఎవరినీ దొంగ అనకూడదు.

మిగిలిన రూ. 9,000లను కూడా వెంటనే దొంగతనం కింద జమ కట్టరాదు. అరువు చీటీలు అమ్మకాల్లో రాశారా? బిల్లు పుస్తకంలో ఎక్కి, బస్తాలు ఇంకా లారీలోనే ఉన్నాయా? పండగకు తగ్గించి అమ్మారా? అన్నిటికీ 20 వేస్తున్నారా, నూనె, పంచదారల మీద తక్కువ తీసుకుంటున్నారా? బెల్లం కారడం, చింతపండు ఆరడం వల్ల కొంత తరుగు తప్పదు. చీటీల్లో రూ. 4,800ల అరువు దొరికిందనుకోండి, దాని ఖరీదు రూ. 4,000లు, తరుగు రూ. 1,500లు. వివరణ లేనిది రూ. 3,500లే మిగిలింది.

దానికి మొత్తం కొట్టును మళ్ళీ తూచనక్కరలేదు. ఖరీదైనవీ, జేబులో పట్టేవీ - యాలకులు, జీడిపప్పు, బ్లేడ్లు - ఏడెనిమిది రకాలు వారానికోసారి లెక్కపెడితే ఏది, ఏ వారం తగ్గుతున్నదో తెలుస్తుంది. జి.ఎస్.టి. కట్టే వర్తకుడైతే, పోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలి. అంటే సరుకుతోపాటు పన్నూ పోయిందన్నమాట.