అగ్నిశిఖ

తొలకరి వానలు కురిసిన కొన్ని వారాలకు తూర్పు కనుమల పొదలలో ఒక తీగ తలెత్తుతుంది. దాని ఆకుల కొసలే మెలితిరిగి పక్కనున్న కొమ్మను పట్టుకుంటాయి. పూవు మొదట ఆకుపచ్చగా విచ్చుకొని, పసుపు రంగుకు మారి, క్రమంగా ఎరుపెక్కుతుంది. అంచులు అలలు తిరిగిన ఆరు రేకులు పైకి లేచి నిలిచినప్పుడు చూసేవారికి మంట స్ఫురించక మానదు. అందుకే ప్రాచీనులు దీనిని అగ్నిశిఖ అన్నారు. గ్లోరియోసా సుపర్బా అనేది దీని శాస్త్రీయ నామం.

పూవును చూసినవారు ఒక పేరు పెట్టగా, దుంపను తవ్వినవారు మరొక పేరు పెట్టారు. నేలలోని దుంప వంపు తిరిగి నాగలిని పోలి ఉంటుంది. హలం, లాంగలం అనే సంస్కృత పదాలకు నాగలి అని అర్థం. కనుక ఈ మొక్క హలిని అయింది, లాంగలి అయింది. తమిళంలో కలప్పై అన్నా నాగలే. తెలుగులో దీనికి కలప్పగడ్డ అనే పేరుంది. అడవినాభి అన్నది మరొక వ్యవహారం. ఇక్కడ నాభి అంటే బొడ్డు కాదు, వత్సనాభి అనే విషమూలిక. వృక్షశాస్త్ర రీత్యా ఈ రెండు మొక్కలకూ చుట్టరికం లేదు. విషమే వాటిని కలిపింది. ఆయుర్వేదం లాంగలిని ఉపవిషాలలో చేర్చి, శుద్ధి చేయనిదే వాడరాదని నియమించింది. పర్యాయపదాలను పరీక్ష కోసం వల్లించే మనం వాటిలోని ఇటువంటి హెచ్చరికలను సాధారణంగా గమనించం.

ఈ మొక్కలోని ప్రధాన విషం కాల్చిసిన్. ఇది ఆల్కలాయిడ్ల కోవకు చెందినది. ఆల్కలాయిడ్లు నత్రజని గల సేంద్రియ పదార్థాలు. క్షారగుణాన్ని బట్టి వాటికి ఆ పేరు వచ్చింది కాని, కాల్చిసిన్‌లో ఆ గుణం దాదాపు శూన్యం! నల్లసముద్రపు తూర్పు తీరాన, నేటి జార్జియా దేశంలో, పూర్వం కాల్చిస్ అనే రాజ్యం ఉండేది. గ్రీకు పురాణాలలోని మంత్రగత్తె మీడియా పుట్టినిల్లు అదే. ఐరోపాలో శరదృతువున పూచే కాల్చికం అనే మొక్కకు ఆ రాజ్యం మీదుగా పేరు వచ్చింది. దాని నుండి 1820లో పెల్టియే, కావెంటూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఈ పదార్థాన్ని తొలిసారి వేరు చేశారు. 1833లో జర్మనీకి చెందిన గైగర్ దానిని శుద్ధి చేసి కాల్చిసిన్ అని పేరు పెట్టాడు.

ఇది కణంలో చేసే పని విచిత్రమైనది. కణం విభజన చెందేటప్పుడు క్రోమోజోములను చెరొక వైపునకు లాగడానికి కండె పోగులు ఏర్పడతాయి. ట్యూబ్యులిన్ అనే ప్రోటీను కణికలు ఒకదానికొకటి చేరి ఆ పోగులు అల్లుకుంటాయి. కాల్చిసిన్ ట్యూబ్యులిన్‌ను అంటిపెట్టుకొని ఆ అల్లికను ఆపివేస్తుంది. క్రోమోజోములు జంటలుగా విడివడడానికి సిద్ధమై, లాగేవారు లేక నడుమనే నిలిచిపోతాయి. పరిశోధకునికి కావలసింది సరిగ్గా అదే. మానవ కణంలో 48 క్రోమోజోములు ఉన్నాయని మూడు దశాబ్దాలకు పైగా పాఠ్యగ్రంథాలు బోధించాయి. స్వీడన్‌లోని లుండ్ నగరంలో జియో, లెవాన్ అనే శాస్త్రజ్ఞులు కాల్చిసిన్‌తో కణాలను నిలిపి లెక్కించి, 1956లో ఆ సంఖ్య 46 అని ప్రకటించారు. అచ్చయిన మాట అంతా సత్యం కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

మొక్కల పెంపకంలోనూ దీని పాత్ర గణనీయం. విభజన ఆగిన కణంలో క్రోమోజోముల సంఖ్య రెట్టింపవుతుందని 1937లో బ్లేక్‌స్లీ, ఏవరీ వెల్లడించారు. పుచ్చకాయలో 22 ఉండే క్రోమోజోములను ఈ విధంగా 44 చేసి, ఆ మొక్కను మామూలు మొక్కతో సంకరపరిస్తే 33 గల సంతతి కలుగుతుంది. అది గింజ కట్టలేదు. జపానుకు చెందిన కిహరా గింజలేని పుచ్చకాయను సాధించిన మార్గం ఇదే.

వైద్యంలో గౌట్ అనే కీళ్లవ్యాధికి కాల్చికం వాడకం ఆరవ శతాబ్దం నాటికే ఉంది. కీళ్లలో యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు పేరుకున్నప్పుడు తెల్లరక్తకణాలు అక్కడికి దండెత్తుతాయి. వాపు, మంట, నొప్పి వాటి ఫలమే. కాల్చిసిన్ ఆ కదలికను అడ్డుకుంటుంది. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కొందరు హృద్రోగులకు కూడా దీనిని స్వల్ప మోతాదులో అనుమతించింది. ఇంత పాత మందుకు ఆ దేశంలో 2009లో కొత్తగా ఏకైక విక్రయ హక్కు లభించగా, సుమారు 9 సెంట్లున్న మాత్ర ధర దాదాపు 5 డాలర్లకు పెరిగింది. మొక్క విషాన్ని మానవ దురాశ మించిందేమో!

మందుగా పనిచేసే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ ఇక్కడ ఎడం చాలా తక్కువ. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికీ, కొన్ని యాంటీబయాటిక్ మందులు వాడేవారికీ ఆ ఎడం మరింత తగ్గుతుంది. తమిళనాడు రైతులు ఈ పూలకు చేతితో పరాగ సంపర్కం చేసి, కాల్చిసిన్ కోసం గింజలు పండిస్తారు. అక్కడ ఇది రాష్ట్ర పుష్పం. అదే మొక్క దుంపను తినదగిన దుంపగా భ్రమించి ప్రాణాలు పోగొట్టుకున్నవారు మన దేశంలోనూ, శ్రీలంకలోనూ ఉన్నారు. తిన్న మొదటి కొన్ని గంటలు ఏమీ కానట్లే ఉంటుంది. తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. కొన్ని రోజులకు ఎముకల మజ్జ దెబ్బతిని రక్తకణాలు తగ్గిపోతాయి. సాధారణ వైద్యంలో దీనికి విరుగుడు లేదు. కాబట్టి దుంప తిన్నట్లు తెలిసిన వెంటనే, వాంతుల కోసం వేచి ఉండక, మిగిలిన ముక్కతో సహా మనిషిని ఆసుపత్రికి చేర్చాలి. ఆ ముక్కను చూస్తే వైద్యునికి తాను దేనితో పోరాడుతున్నాడో తెలుస్తుంది.