ఒకే 108లో ఎంతమందిని ఎక్కించవచ్చు?

ప్రశ్న: కూలీల ఆటో బోల్తాపడి పలువురు గాయపడితే అందరినీ ఒకే 108లో తీసుకెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, అయిజ

జవాబు: 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవలో, మామూలుగా బండికి ప్రధాన స్ట్రెచర్ ఒకటే. పైలట్ (డ్రైవర్) నడుపుతుంటే వెనుక చూసుకునే ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) ఒక్కరే. అందుకే ముందు ఎవరిని మొదట చూడాలో రంగులతో వరస తేలుస్తారు: ఊపిరాడనివారు, రక్తం ఆగనివారు ఎరుపు, కాసేపు ఆగగలిగినవారు పసుపు, నడవగలిగినవారు ఆకుపచ్చ. ఎరుపు మనిషిని స్ట్రెచర్‌పై, ఆకుపచ్చవారిని పక్క సీటులో తీసుకెళ్లవచ్చు. ఇద్దరి పరిస్థితీ విషమిస్తే మాత్రం రెండో బండి కావాలి. ఒకరికి ఊపిరి అందిస్తూ మరొకరి రక్తం ఆపడం ఒక్కరి వల్ల కాదు. కేకలు పెట్టేవారికంటే ఉలుకూపలుకూ లేనివారినే ముందు చూడాలి. వెన్నుకు దెబ్బ తగిలినవారిని కూర్చోబెట్టవద్దు. ఫోన్ చేసినప్పుడే ఎందరు గాయపడ్డారో చెబితే గద్వాల వైపు నుంచి మరో బండిని వెంటనే పిలిపించే వీలుంటుంది.