జేజి ఫోన్‌లో మాయమైన తీగలు

మా అక్కకు పాప పుట్టింది. జేజి పాడే జోలపాటకి నేను గిటార్ వాయించి, రికార్డ్ చేసి పంపాలని ప్లాన్. మొన్న ఏప్రిల్‌లో జేజి పుట్టపర్తిలో మా ఇంటికి వచ్చినప్పుడు పని మొదలుపెట్టా. స్టూడియో ఏమీ లేదు. ఎలక్ట్రిక్ గిటార్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చిన్న మోడలింగ్ యాంప్, ల్యాప్‌టాప్, అంతే.

పాత యాంప్‌లలో వాల్వులు గిటార్ శబ్దానికి ఒక రంగు ఇస్తాయి. మోడలింగ్ యాంప్‌లో అదే రంగుని ఒక చిప్ లెక్కలు కట్టి తెస్తుంది. 1996లో లైన్ 6 కంపెనీ తెచ్చిన యాక్సిస్ 212 ఈ రకంలో తొలితరానిది. మనకి లాభం ఏంటంటే, యూఎస్‌బీ కేబుల్ పెడితే గిటార్ నేరుగా ల్యాప్‌టాప్‌లోకి వెళ్తుంది. ఫ్యాన్ చప్పుడు, ఆటో హారన్ ఏదీ ఎక్కదు. జేజి గొంతుకి మాత్రం మైక్ కావాలి కదా, అందుకని ఫ్యాన్ ఆపేశాం. ఏప్రిల్‌లో, అదీ మా ఊళ్ళో! ఇద్దరం చెమటతో తడిసిపోయాం.

తర్వాత స్టీరియో. గిటార్ నుంచి వచ్చేది ఒక్క సిగ్నలే. నేను దాన్ని కాపీ చేసి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పెట్టి, కుడిదాన్ని 10 మిల్లీసెకన్లు ఆలస్యం చేశా. ఇంత చిన్న తేడాని మన చెవి రెండో శబ్దంగా వినదు, దీన్ని 1949లో హెల్ముట్ హాస్ వివరంగా పరిశీలించాడు. హెడ్‌ఫోన్స్‌లో గిటార్ గదంతా పరుచుకున్నట్టు వినిపించింది.

జేజి తన ఫోన్‌లో విని, "ఏమిరా, గిటారుకు గొంతు పూడిందా?" అంది.

ఆ ఫోన్‌కి ఒకటే స్పీకర్. ఎడమ, కుడి రెండూ అందులో కలిసిపోతాయి. 10 మిల్లీసెకన్లలో 50 హెర్ట్జ్ అల సగం చుట్టు తిరుగుతుంది, 150 ఒకటిన్నర, 250 రెండున్నర. అంటే ఒక కాపీ పైకి లేచినప్పుడు రెండోది కిందకి దిగుతుంది, కలిపితే సున్నా. గిటార్‌లో డి తీగ 147 హెర్ట్జ్, బి తీగ 247! ఆ రెండింటి అసలు స్వరం దాదాపు పోయింది. ఆలస్యాన్ని 20కి మార్చినా లాభం లేదు, వేరే స్వరాలు పోతాయి.

రోలాండ్ జేసీ-120 (1975) యాంప్‌లో కోరస్ ఆన్ చేస్తే ఒక స్పీకర్‌లో మామూలు శబ్దం, రెండోదాంట్లో కొంచెం ఊగే శబ్దం వస్తాయి. అవి గాలిలో కలుస్తాయి. నావి ఫోన్ లోపలే కలిశాయి.

చివరికి పనిచేసినవి ఇవి:

1. కాపీ చేయకుండా అదే భాగాన్ని రెండుసార్లు వాయించి, చెరోవైపు పెట్టడం. మన చెయ్యి రెండుసార్లూ ఒకేలా వాయించదు, కాబట్టి ఒకే స్వరం పదే పదే కొట్టుకుపోదు.

2. పింగ్‌పాంగ్ డిలే వాడితే అసలు గిటార్‌ని మధ్యలో ఉంచి, ప్రతిధ్వనులు మాత్రమే పక్కలకి పంపడం.

3. పంపే ముందు సాఫ్ట్‌వేర్‌లో మోనో బటన్ నొక్కి వినడం.

మళ్ళీ వాయించి జేజికి వినిపించా. "ఇప్పుడు బాగుంది. కానీ నా పాటను మింగుతాంది" అంది. గిటార్‌ని 3 డెసిబెల్స్ తగ్గించా.

అక్క ఇప్పుడు ఊయల పక్కన ఫోన్ పెట్టి అదే వేస్తుందట. ఆ ఫోన్‌లో ఎలా వినిపిస్తోందో మాత్రం ముందే అడిగా.