మారథాన్‌కి ముందు మూడు వారాలు

ప్రశ్న: కానిస్టేబుల్ పరీక్షకు 1600 మీటర్లు సాధన చేసిన అలవాటుతో పరుగులోకి వచ్చాను. విశాఖ నేవీ మారథాన్‌లో తొలిసారి 42 కిలోమీటర్లకు పేరిచ్చాను. ఇంకా మూడు వారాలున్నాయి. వారానికి 50 కిలోమీటర్లు చేస్తున్నాను. ఒకేసారి 28 దాకా పరిగెత్తాను. మధ్యలో జ్వరంతో పది రోజులు పోయాయి. ఆ లోటు ఇప్పుడు పూడ్చుకోవచ్చా?
– ఓ పాఠకుడు, చిలకలూరిపేట

జవాబు: పూడ్చుకోవద్దు. ఇవాళ చేసిన సాధన ఒంటికి బలంగా మారడానికి రెండు వారాలైనా పడుతుంది. ఇప్పుడు అదనంగా చేస్తే అలసటే మిగులుతుంది. ఈ వారం 40, వచ్చే వారం 30, ఆఖరి వారం పోటీ కాక 12 కిలోమీటర్లు చాలు. దూరం తగ్గించండి, పరుగెత్తే రోజుల్ని మాత్రం మరీ తగ్గించకండి. జ్వరం తాలూకు నీరసం ఇంకా ఉంటే డాక్టరుకు చూపించుకున్నాకే బయల్దేరండి.

1600 మీటర్లలో మొదటి అడుగు నుంచే ఊపిరి బిగబట్టి ఉరుకుతారు. ఇక్కడ అది పనికిరాదు. మొదటి పది కిలోమీటర్లు పక్కవారితో మాట్లాడగలిగినంత నిదానంగా వెళ్లండి. కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం చాలామందికి 30 కిలోమీటర్లు దాటాక అడుగంటుతుంది. అసలు పరీక్ష అక్కడే.

ప్రశ్న: నేను హాఫ్ మారథాన్‌కు సిద్ధమవుతున్నాను. తెల్లారి పరుగు, పగలంతా పత్తితీత. పిక్కలు పట్టేస్తున్నాయి. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తవచ్చా?
– ఓ పాఠకురాలు, పర్చూరు

జవాబు: వద్దమ్మా. పరుగులో ఒంట్లో నీరు తగ్గుతుంది. అప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు కిడ్నీలకు చేటు. పత్తితీత కూడా ఒంటికి శ్రమే, దాన్నీ లెక్కలో వేయండి. తీత ఎక్కువున్న రోజు పరుగు మానండి. రెండు పిక్కలూ బరువుగా ఉంటే అది అలసట. ఎముక మీద ఒకేచోట వేలు పెడితే కలుక్కుమంటుంటే మాత్రం పరుగు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీరు పరిగెత్తే డొంక పక్కన మిర్చి చేలుంటే, వాటికి మందు కొట్టిన రోజు వేరే దారిన వెళ్లండి.

ప్రశ్న: కారం, గోంగూర లేనిదే ముద్ద దిగదు. పోటీ ముందు ఏం తినాలి?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆఖరి రెండు రోజులు అన్నం కాస్త ఎక్కువ, కూరలు తక్కువ. కారం, పచ్చళ్లు, వేపుళ్లు, ఆకుకూరలు పక్కన పెట్టండి. లేకపోతే దారిలో కడుపు తిప్పలు పెడుతుంది. పోటీనాడు మూడు గంటల ముందు ఇడ్లీ, అరటిపండు తినండి. ఈ తిండినీ, వేసుకోబోయే బూట్లనూ ముందే ఓ దూరపు పరుగులో పరీక్షించుకోండి. దాహానికి తగ్గట్టే తాగండి. ఉత్త నీళ్లు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. నీళ్లతో పాటు ఓఆర్ఎస్ కూడా తీసుకోండి.

ముగ్గురికీ ఒకే మాట: ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి వైద్య సిబ్బందిని పిలవండి. పతకం కోసం ఇంకో అడుగు కూడా వేయకండి.