అభ్రకం రేకు మీద బొమ్మ

చిరంజీవి శ్రావణికి,

నీ వ్యాసం చదివాను. అభ్రకం బొమ్మలను ‘దొరల కోసం చేసిన చవక సరుకు’ అని ఒక్క వాక్యంతో తేల్చేశావు. ఇంకోసారి చూడమ్మా.

చవకే, ఒప్పుకుంటాను. పందొమ్మిదో శతాబ్దంలో ముర్షిదాబాద్, పట్నా, కాశీ, తిరుచిరాపల్లిలో వీటిని సెట్లుగా అమ్మేవాళ్లు. అరచేతిలో ఇమిడే రేకుల మీద తోలుతిత్తితో నీళ్లు మోసే భిస్తీ, పల్లకీ బోయీలు, దర్జీ, మొహర్రం ఊరేగింపు. ఫొటోలు వచ్చాక గిరాకీ పడిపోయింది.

కానీ ఆ రేకు మీద రంగు నిలబెట్టడం ఎంత కష్టమో నువ్వు రాయలేదు. కాగితం రంగును పీల్చుకుంటుంది, అభ్రకం చుక్క కూడా పీల్చదు. జిగురు కలిపిన రంగు పైపైనే ఆరి పట్టుకోవాలి. నీళ్లెక్కువైతే జారిపోతుంది, మరీ మందమైతే ఆరాక పెచ్చులూడుతుంది. అలాంటి నున్నటి పలక మీద తలపాగా మడతలు, చీర అంచు సన్నటి గీతల్లో తేల్చారంటే ఆ చేతికి దణ్ణం పెట్టాలి. తంజావూరు, తిరుచిరాపల్లి వైపు చిత్రకారుల్లో తెలుగు మాట్లాడే రాజు కులస్తుల కుటుంబాలూ ఉండేవి. అయినా ఈ బొమ్మల్లో చాలావాటి మీద గీసినవాళ్ల పేరే లేదు.

కొన్ని సెట్లు మరీ చిత్రంగా ఉంటాయి. ఒక అట్ట మీద ముఖం ఒక్కటే గీసి ఉంటుంది. రేకుల మీదేమో బట్టలు, పనిముట్లు; ముఖం ఉండాల్సిన చోటు ఖాళీ. ఒక్కో రేకూ అట్ట మీద పెడుతుంటే అదే ముఖం సిపాయి అవుతుంది, ఫకీరు అవుతుంది, చాకలి అవుతుంది. కొనే దొరకు వేషం తెలిస్తే చాలు, మనిషితో పనిలేదు. ఆ చూపును నిలదీసి రాయి, నేనూ నీ పక్షమే. దానితోపాటు గీసినవాడి పనితనాన్ని కొట్టేయకు.

1947లో మిల్డ్రెడ్ ఆర్చర్ పట్నా చిత్రకళ మీద తెచ్చిన పుస్తకం సంపాదించి చదువు. అసలు బొమ్మ చూసే అవకాశం వస్తే అంచు పట్టుకుని ఎత్తకు. ఎందుకో తెలియాలంటే మన గూడూరు అభ్రకం ముక్కను గోటితో గీరి చూడు, పొరలెలా లేస్తాయో తెలుస్తుంది. బొమ్మను గట్టి అట్టతో కలిపి ఎత్తు. తడిగుడ్డ, టేపు దరిదాపులకు రానివ్వకు. వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడేట్టు పెట్టు, రంగు ఎక్కడ లేచిందో కనిపిస్తుంది. వెనక తెల్లకాగితం ఒకసారి, నల్లకాగితం ఒకసారి పెట్టి, ఎక్కడ రంగు దట్టంగా వేశారో, ఎక్కడ రేకును ఖాళీగా వదిలారో రాసుకో. ఆ రాతలు దగ్గర పెట్టుకుని నీ వ్యాసంలో రెండో పేరా తిరగరాసి నాకు పంపు.

మీ తాతయ్య