పద్మపాణి ఆచార్య ఎవరివాడు?

మాది మొగుడంపల్లి. జహీరాబాద్ దాటి కొంచెం పోతే మా మండలం, ఇంకొంచెం పోతే కర్ణాటక. మా దగ్గర సంతకు పోతే తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. హాస్టల్లో చేరిన కొత్తలో నా మాట విని "నువ్వు తెలంగాణోడివా, కన్నడోడివా?" అని అడిగేవాళ్లు. సరదాకే అడిగినా కొంచెం గుచ్చుకునేది.

ఆ రోజుల్లోనే "ఎల్ఓసీ కార్గిల్" (2003) సినిమా చూశాను. అందులో మన నాగార్జున చేసిన పాత్ర పేరు మేజర్ పద్మపాణి ఆచార్య. తెలుగాయనే అయ్యుంటాడనుకుని ఆయన గురించి చదివాను. ఆయన కుటుంబం ఒడిశా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడింది. తండ్రి జగన్నాథ్ ఆచార్య వైమానిక దళంలో వింగ్ కమాండర్. పద్మపాణి 1969 జూన్ 21న పుట్టారు, ఉస్మానియాలో చదివారు, తర్వాత సైన్యంలో చేరి రాజ్‌పుతానా రైఫిల్స్ 2వ బెటాలియన్‌కు వెళ్లారు. ఆ రెజిమెంట్‌లో ఎక్కువమంది జవాన్లు రాజ్‌పుత్‌లు, జాట్‌లు. అంటే ఊరు ఒకటి, మూలం ఇంకొకటి, పక్కన నిలబడి పోరాడినవాళ్లది మరో చోటు.

1999లో ఏం జరిగిందో చూద్దాం. ద్రాస్ దగ్గరి కొండల మీద పాకిస్తాన్ సైనికులు మాటు వేశారు. కింద శ్రీనగర్–లేహ్ రోడ్డు. పైనున్నవాడికి రోడ్డు మీద కదిలే ప్రతి లారీ కనిపిస్తుంది, ఫిరంగి గుండ్లను సరిగ్గా దాని మీదికే వేయించగలడు. లేహ్‌కు సరుకులు, సైన్యం వెళ్లేది ఆ దారినే. అందుకే ఒక్కో శిఖరం తీసుకోక తప్పలేదు. జూన్ 13న తోలోలింగ్ చిక్కింది. తర్వాత నోల్, త్రీ పింపుల్స్ వంతు.

జూన్ 28న ఆచార్య కంపెనీకి అప్పగించిన స్థావరం చుట్టూ మందుపాతరలు, పైన మెషీన్ గన్లు. దాడి మొదట్లోనే ముందున్న ప్లాటూన్ మీద గుండ్లు పడి చాలామంది పడిపోయారు. దాడి ఆగిపోయేలా ఉంది. అప్పుడు ఆయన రిజర్వ్ ప్లాటూన్‌ను తీసుకుని తానే ముందు నడిచారు. నిట్టనిలువు బండ ఎక్కి, పాకుతూ బంకర్ దాకా వెళ్లి గ్రెనేడ్లు విసిరారు. తీవ్రంగా గాయపడి కదలలేని స్థితిలో కూడా "నన్ను వదిలేసి ముందుకు పొండి" అని జవాన్లను ఆదేశించి, తను కాల్పులు ఆపలేదు. స్థావరం చిక్కింది, ఆయన దక్కలేదు. 30 ఏళ్లు నిండి అప్పటికి వారమే. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు, యుద్ధ శౌర్యానికి ఇచ్చే పురస్కారాల్లో అది రెండోది.

అదే రాత్రి, అదే బెటాలియన్‌తో పోరాడి చనిపోయిన కెప్టెన్ కెంగురూసే నాగాలాండ్ వాడు. జారే బండ మీద పట్టు కోసం బూట్లు విప్పి ఎక్కాడు.

ఈ కథలో నన్ను ఎక్కువ ఆపింది ఆచార్య ఇంటికి రాసిన ఉత్తరం. అప్పటికి ఆయన భార్య గర్భవతి. పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బేలా ఆమెకు రోజుకో మహాభారత కథ చెప్పమని తండ్రిని కోరారు. ఆయన పోయాక పాప పుట్టింది.

ఆయన ఒడిశావాడా, హైదరాబాదీయా? రెండూ నిజమే. ఒకటి చెప్పడానికి ఇంకోటి కొట్టెయ్యక్కర్లేదు. ఇప్పుడు హాస్టల్లో ఎవరైనా నన్ను అడిగితే మొగుడంపల్లి అంటాను. అది ఎక్కడుందని అడిగితే కూర్చోబెట్టి మా సంత గురించి చెప్తాను.